పిన్నీసుకి 69 వేలు ఎందుకయ్యాయి?

2025 నవంబర్‌లో ఒక సాయంత్రం మా అక్క కూతురు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. ప్రాడా అనే ఇటలీ ఫ్యాషన్ కంపెనీ పిన్నీసు అమ్ముతోందట, 775 డాలర్లట, మన లెక్కలో దగ్గర దగ్గర 69 వేలట. అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తల కూడా ఎత్తలేదు.

“బంగారందా?”

“కాదమ్మమ్మా, ఉత్త పిన్నీసే. చుట్టూ రంగు దారం అల్లిర్రు, అంతే.”

“దారం నేను అల్లనా?”

అంటూనే ఎడమచేతి గాజుకి వేలాడుతున్న మూడు పిన్నీసుల్లోంచి ఒకటి ఊడదీసి పిల్ల చేతిలో పెట్టింది. ఆ పిన్నీసు వయసెంతో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మూత దగ్గర తుప్పు, సూది కాస్త వంకర. బేగంబజార్‌లో ఎప్పుడో కొన్న అట్టలోది. చీర కుచ్చిళ్లకి, తెగిన చెప్పుకి, పాడైన జిప్పుకి, పైజామాలో నాడా ఎక్కించడానికి, పెళ్లి భోజనంలో మటన్ తిన్నాక పళ్ల సందుల్లోకి, అన్నిటికీ అదే పనిముట్టు.

ఆ రోజంతా నెట్‌లో జనం నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. అయితే నవ్వి వదిలేస్తే అసలు సంగతి తెలీదు. పిన్నీసుకి ఎంతవుతుందో తెలియక కంపెనీ ఆ ధర పెట్టలేదు, తెలియక ఎవరూ కొనరు కూడా. ఇద్దరికీ తెలిసే జరుగుతున్న బేరం ఇది. మరి ఆ మిగతా అరవై ఎనిమిది వేల చిల్లర దేనికి ఇస్తున్నట్టు?

ముందు తయారీ ఖర్చు చూద్దాం, ఎందుకంటే ఇక్కడ మనకి ఊహలు అక్కర్లేదు, కోర్టు కాగితాలున్నాయి. 2024 జూన్‌లో మిలాన్ కోర్టు డియోర్ అనే ఫ్రెంచ్ ఫ్యాషన్ కంపెనీకి చెందిన ఒక తయారీ విభాగాన్ని తన పర్యవేక్షణలోకి తీసుకుంది. కింద పని చేసే కాంట్రాక్టర్ల వర్క్‌షాపుల్లో కార్మికుల్ని పిండుతుంటే పైవాళ్లు కళ్లు మూసుకున్నారన్నది కారణం. ఆ విచారణలో బయటికొచ్చిన లెక్క ఏంటంటే, షోరూంలో 2,600 యూరోలకి అమ్మే బ్యాగుని కుట్టి ఇచ్చినందుకు కాంట్రాక్టర్‌కి ముట్టింది 53 యూరోలు. అంటే మన డబ్బుల్లో రెండు లక్షల ముప్పై వేల బ్యాగుకి కూలి ఐదు వేలు లేదు. అంతకు రెండు నెలల ముందు అర్మానీ విషయంలో కూడా ఇదే కథ, 1,800 యూరోల బ్యాగు, 93 యూరోల కూలి. తోలు ఖర్చు వేరే, డిజైన్ వేరే, మంచి సెంటర్లో అద్దాల షోరూం అద్దె వేరే, అదంతా కలుపుకోవాలి, నిజమే. అయినా అన్నీ కలిపినా ఆ సంఖ్య దరిదాపులకి రాదు.

దీన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు, కూలీల విషయం తప్ప, అది మోసమే. కొనేవాడి విషయంలో మాత్రం ఇది ఇంకేదో. ఆ ఇంకేదో ఏంటో నాకు అర్థమైంది పారిస్‌లో కాదు, నాగోల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో.

పెళ్లిలో మా పెద్దమ్మ, ఎదురొచ్చిన ప్రతి ఆడమనిషి కొంగు పట్టుకుంటుంది. రెండు వేళ్ల మధ్య నలుపుతుంది, అంచు తిప్పి లోపలి వైపు చూస్తుంది, జరీ మీద గోరు ఆనిస్తుంది, అప్పుడు అడుగుతుంది, “ఎంత పడ్డదే?” అవతలామె “ముప్పై రెండు” అంటుంది. వేలు అని వేరే చెప్పక్కర్లేదు. అడిగినందుకు ఎవరూ బాధపడరు, అడగకపోతేనే బాధ, అంత పెట్టి కొన్నాక ఒక్కరూ అడగలేదని ఇంటికెళ్లి మొగుడి మీద విసుక్కుంటారు. మన దగ్గర ధర నోటితో చెప్పుకునే వస్తువు. అడిగేవాళ్లున్నారు, చెప్పేవాళ్లున్నారు, మధ్యలో లోగో ఎందుకు?

ఆఫీసులో, ఎయిర్‌పోర్ట్‌లో, గచ్చిబౌలి కాఫీ షాపులో కొంగు పట్టుకుని అడిగే పెద్దమ్మ ఉండదు. అడగడం మర్యాద కాదు, అడగకుండా చెప్పుకోవడం అంతకంటే మర్యాద కాదు. అక్కడ కావాలి లోగో. బ్యాగు మీద రెండక్షరాలు, బెల్టు మీద ఒక బిళ్ల, అంతే, ధర చెప్పినట్టే. లోగో అంటే అడగకుండానే చెప్పేసిన ధర. ఆ 68 వేలు అలా చెప్పే హక్కు కోసం కట్టేవి, పిన్నీసు దానితో పాటు ఊరికే వస్తుంది.

ఇది అర్థమైతే మామూలు బజారు లెక్కలు ఇక్కడ తలకిందులు ఎందుకవుతాయో తెలుస్తుంది. టమాటా కిలో వంద దాటితే మన ఇళ్లలో చింతపండు వేసి పప్పు చేస్తాం, ధర పెరిగితే గిరాకీ తగ్గుతుంది. కానీ కొన్ని వస్తువులని ఖరీదు ఎక్కువ కాబట్టే కొంటారని, నలుగురికీ కనిపించేలా ఖర్చు పెట్టడమే వాటి ఉపయోగమని అమెరికన్ ఆర్థికవేత్త థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే రాశాడు. టమాటాలో ధర అడ్డంకి, ఈ బ్యాగులో ధరే సరుకు. షానెల్ వాళ్ల ఒక పేరున్న బ్యాగు 2019లో ఆరు వేల డాలర్ల లోపు ఉండేది, ఐదేళ్లు తిరక్కుండానే పది వేలు దాటింది. బ్యాగు మారలేదు, పెద్దదీ కాలేదు. అయితే దీనికీ ఒక హద్దుంది. 2022కీ 2024కీ మధ్య ప్రపంచవ్యాప్తంగా ఐదు కోట్ల మంది కొనుగోలుదారులు లగ్జరీ సరుకులకి దూరమయ్యారని బెయిన్ అనే కన్సల్టింగ్ కంపెనీ అంచనా వేసింది. తెగేదాకా లాగారు.

లోగో గురించి ఇంకో తమాషా. 2010లో అమెరికాలో ముగ్గురు మార్కెటింగ్ ప్రొఫెసర్లు గూచీ, లూయీ వీటాన్ బ్యాగుల ధరలూ, వాటి మీద లోగో ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుందన్నదీ పక్కపక్కన పెట్టి చూశారు. ఒకే బ్రాండ్‌లో ధర పెరిగేకొద్దీ లోగో చిన్నదైపోయింది. అరిచి చెప్పే బ్యాగు చవక, గొణిగేది ఖరీదు. నిజంగా ఉన్నవాళ్లు తమలాంటి వాళ్లకి తెలిస్తే చాలనుకుంటారు, అందరికీ తెలియాలన్న తపన మధ్యలో వాళ్లది. ఈమధ్య దీనికి ‘క్వైట్ లగ్జరీ’ అని పేరు పెట్టి కొత్తగా కనిపెట్టినట్టు చెబుతున్నారు. హైదరాబాదీలకి కొత్తా ఇది? 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రం వేసిన మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాల్చింది మామూలు చార్మినార్ సిగరెట్లు. 184 క్యారెట్ల పైచిలుకు జాకబ్ వజ్రం తన తండ్రి బూటులో దొరికితే దాన్ని కాగితాలు ఎగరకుండా బల్ల మీద పెట్టుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వజ్రంతో సహా ఆయన నగల్ని 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లకి కొంది. అంత ఉన్నాయనకి బెల్టు బిళ్ల దేనికి.

అందుకే ఈ కంపెనీలకి మధ్యలో ఉన్నవాళ్లు కావాలి. మూడు లక్షల బ్యాగు కొనలేనివాడికి ముప్పై వేల కళ్లజోడు, అదీ కాకపోతే ఎనిమిది వేల సెంటు సీసా, అదీ కాకపోతే తాళాల గుత్తి. మెట్లు కట్టి పెట్టారు, ఏ మెట్టు మీదున్నా పేరు ఒకటే. పైగా ఆ కళ్లజోడు తయారు చేసేది చాలాసార్లు ఆ కంపెనీ కూడా కాదు. ప్రాడా, షానెల్, వెర్సాచే కళ్లజోళ్లన్నీ ఎస్సిలోర్‌లక్సోటికా అనే ఒకే సంస్థ లైసెన్స్ తీసుకుని చేస్తుంది. రే-బాన్, ఓక్లీ అయితే దాని సొంతం. అద్దాల షాపులో రెండు బ్రాండ్ల మధ్య పావుగంట తేల్చుకోలేక టెన్షన్ పడే మనిషి, తెలియకుండా ఒకే జేబులో ఏ పక్కనుంచి డబ్బులు వేయాలా అని ఆలోచిస్తున్నట్టు.

ఇక అమ్ముడుపోని సరుకు. మన దగ్గర దానికి ఆషాఢం ఉంది. అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ప్రతి చీరల షాపు ముందూ బ్యానర్లు, ఒకటి కొంటే రెండు, తూకం లెక్కన చీరలు, లోపల ఊపిరాడదు. వ్యాపారి డబ్బు తిరిగొస్తుంది, మనకి చీర దొరుకుతుంది, అందరూ బాగుంటారు. లగ్జరీ కంపెనీలు ఆ దారికి జంకుతాయి, ఎందుకంటే సగం ధరకి వచ్చిన రోజు ఆ లోగో చెప్పే మాట అబద్ధమైపోతుంది. అందుకని కొన్ని కంపెనీలు కాల్చేసేవి. బర్బెర్రీ అనే బ్రిటిష్ కంపెనీ ఒక్క ఏడాదిలో 2 కోట్ల 86 లక్షల పౌండ్ల సరుకు నాశనం చేసిందని 2018లో దాని వార్షిక నివేదికలోనే బయటపడి, జనం తిట్టాక ఆ సెప్టెంబర్‌లో ఇక ఆపేస్తామంది. మంచి కోట్లు, సెంటు సీసాలు. ఆషాఢం సేల్లో చీర కోసం మోచేతులతో పొడుచుకున్న ఆడవాళ్లకి ఈ కథ చెప్పి చూడండి, ఏమంటారో.

కోఠిలో ఫుట్‌పాత్ మీద వాచీ బేరం చేస్తుంటే షాపతను నాతో అన్న మాట ఇప్పటికీ మర్చిపోలేను. “అన్నా, గవన్నీ డూప్లికేట్. ఇది ఒరిజినల్ ఫస్ట్ కాపీ.” దొంగ సరుకులో కూడా కులాలున్నాయి, లోగో ధర చెబుతుంటే ఆ మాటని నకలు చేసేవాళ్లు వస్తారు, నకళ్లలో మళ్లీ పైవాళ్లు కిందివాళ్లు. ట్రేడ్‌మార్క్ చట్టం ప్రకారం ఇలాంటివి అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా వేరే.

మరి పెద్ద కంపెనీయే చిన్నవాళ్లని నకలు చేస్తే? 2025 జూన్‌లో మిలాన్ ర్యాంప్ మీద ఇదే ప్రాడా, కొల్హాపురి చెప్పుల్ని పోలిన చెప్పులు చూపించి, ‘తోలు చెప్పులు’ అని మాత్రమే అంది. కొల్హాపురికి 2019 నుంచి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చట్టం వేసే ముద్ర, ఉంది, కాబట్టి కేసు వేస్తే నెగ్గుతామని చాలామంది అనుకున్నారు. ఇక్కడే మెలిక. జీఐ కాపాడేది పేరుని. ఆ ప్రాంతం బయట చేసిన చెప్పుని కొల్హాపురి అని అమ్మకూడదు, అంతవరకే. ఆకారం, అల్లిక, కుట్టు ఎవరైనా చేసుకోవచ్చు, పేరు వాడకపోతే చాలు. ‘తోలు చెప్పులు’ అన్న ఆ రెండు మాటలు కంపెనీకి కావాలని పెట్టుకున్నా అంత బాగా పనికొచ్చేవి కావు. బాంబే హైకోర్టు కూడా దీని మీద వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని కొట్టేసింది. ప్రేరణ భారత్‌దేనని ప్రాడా అప్పటికే ఒప్పుకుంది, ఆ డిసెంబర్‌లో మహారాష్ట్ర, కర్ణాటక కార్పొరేషన్లతో కలిసి ఇక్కడే 2,000 జతలు చేయించి జత 800 యూరోలకి అమ్ముతామంది. మన లాడ్‌బజార్ లక్క గాజులకి 2024లో జీఐ వచ్చిందని మనం సంబరపడ్డాం. మంచిదే. కానీ రేపు ఎవరో ‘రెజిన్ బ్యాంగిల్’ అని పేరు పెట్టి పారిస్‌లో అమ్మితే ఆ గుర్తింపు అడ్డుకోలేదు, గుర్తుంచుకోండి.

సరుకు అవసరమే లేకుండా పేరు మాత్రమే అమ్మడం ఎక్కడైనా చూడాలంటే మాత్రం పారిస్ దాకా పోనక్కర్లేదు, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర తల ఎత్తి హోర్డింగులు చూస్తే చాలు. మందు ప్రకటన టీవీలో చేయకూడదు, సిగరెట్, గుట్కా ప్రకటనలకి 2003 చట్టం అడ్డు. అందుకని అదే పేరుతో సోడా, మ్యూజిక్ సీడీలు, యాలకుల ప్రకటనలు. సీడీలు! ఇంట్లో సీడీ ప్లేయర్ ఉన్నవాళ్లు చేతులెత్తండి. ఒక హీరో కొండ ఎక్కి ఏదో గొప్పగా చూస్తుంటాడు, కింద పేరు, మూలకి కనీకనిపించకుండా ‘సోడా’ అని. ఆ సోడా కోసం ఎవరూ రారని వాళ్లకీ తెలుసు. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఇలాంటి దొడ్డిదారి ప్రకటనలు కుదరవని మార్గదర్శకాలు తెచ్చింది, అయినా కొండలెక్కడం ఆగలేదు. సెంటు సీసా ప్రకటనలో గుర్రం సముద్రపు ఒడ్డున పరిగెత్తడానికీ దీనికీ తేడా ఏముంది, వాసన ఎలా ఉంటుందో అక్కడా చెప్పరు.

హైదరాబాద్‌లో అసలైన లగ్జరీ బ్రాండింగ్ బ్యాగుల్లో లేదు, ఫ్లాట్లలో ఉంది. ఆదివారం పేపర్ విప్పితే వార్తలు ఐదో పేజీ నుంచి మొదలవుతాయి. ముందు నాలుగు పేజీలూ ఈత కొలను, దాని పక్కన పుస్తకం చదువుతున్న తెల్లగా ఉన్న ఆంటీ, ఏదో ఇటాలియన్ లాంటి పేరు, ‘అల్ట్రా లగ్జరీ’. ఉత్త లగ్జరీ ఎప్పుడో అయిపోయింది, అది ఇప్పుడు మియాపూర్ డబుల్ బెడ్‌రూంకి కూడా పెడుతున్నారు.

ఈ ఫ్లాట్ల ధరలకి ప్రకటన చేసేది బిల్డర్ ఒక్కడే కాదు, ప్రభుత్వ భూముల వేలం కూడా. కోకాపేట నియోపోలిస్‌లో 2023 ఆగస్టులో ఎకరం 100 కోట్లు దాటితే ఊరంతా నోరెళ్లబెట్టింది. 2025 నవంబర్‌లో అదే చోట 151 కోట్ల 25 లక్షలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు, భాగించి చూడండి, గజం సరిగ్గా 3 లక్షల 12 వేల 500. ఆ సంఖ్య పేపర్లో పడ్డ మర్నాడు, దానికి పది కిలోమీటర్ల అవతల ప్లాటు ఉన్న మా దూరపు చుట్టం కూడా రేటు పెంచాడు. ఎవరూ కొనలేదు, అది వేరే సంగతి, కానీ మాట్లాడే తీరు మారిపోయింది. రికార్డు ధర అంటే ఆ చుట్టుపక్కల భూములన్నిటికీ పెట్టిన లోగో.

మా స్నేహితుడితో ఒక సైట్ చూడ్డానికి వెళ్లాను, పేరెందుకు లెండి. మోడల్ ఫ్లాట్ చూపించారు, చల్లగా, ఏదో పూల వాసన. బెడ్‌రూం విశాలంగా అనిపించింది. మావాడికి కాళ్లు నొప్పి పుట్టి అలా మంచం మీద వాలాడు, పాదాలు బయటికొచ్చేశాయి. వాడి ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. గది పెద్దది కాదు, మంచం పొట్టిది. గదులకి తలుపులు కూడా పెట్టలేదు, తలుపుంటే చోటు తింటుందని. సేల్స్ అమ్మాయి ఏమాత్రం తడబడకుండా “సర్, క్లబ్ హౌస్ చూద్దామా” అంది. ఇక్కడ మాత్రం చట్టం కాస్త చేతిలో ఉంది. ఇళ్లూ ప్లాట్ల అమ్మకాల్ని అదుపు చేసే 2016 రెరా చట్టం ప్రకారం ప్రాజెక్టుని రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, ప్రకటనలో రెరా నంబర్ ఉండాలి, ధర మాట్లాడాల్సింది మెట్లు, లిఫ్టు వాటా కూడా కలిపేసే సూపర్ బిల్టప్ మీద కాదు, గోడల మధ్య మనం నడిచే కార్పెట్ ఏరియా మీద. ‘ప్రీలాంచ్ ఆఫర్, నంబర్ త్వరలో వస్తుంది’ అంటే అక్కడే లేచి వచ్చేయొచ్చు, కాఫీ తాగాకైనా సరే.

ప్రభుత్వానికి కూడా లగ్జరీ అంటే ఏంటో ఒక అభిప్రాయం ఉంది, అది చదివితే బాగా కాలక్షేపం. 2025 సెప్టెంబర్ 22 నుంచి వచ్చిన కొత్త జీఎస్టీలో 40 శాతం పన్ను కింద సొంత విమానం, విలాసపు పడవ, పెద్ద కారు, 350 సీసీ దాటిన బైకు, కూల్‌డ్రింకు, ఐపీఎల్ టికెట్ అన్నీ ఒకే వరసలో నిలబడ్డాయి. ఉప్పల్ స్టేడియంలో ఎండలో కూర్చుని థమ్సప్ తాగేవాడూ, సొంత విమానంలో వెళ్లేవాడూ పన్ను లెక్కలో అన్నదమ్ములు. రెడీమేడ్ చొక్కా 2,500 దాకా 5 శాతం, ఒక్క రూపాయి దాటితే 18. చీర మాత్రం కుట్టనిది కాబట్టి గుడ్డ కింద లెక్క, లక్ష రూపాయలదైనా 5 శాతమే. మా పెద్దమ్మకి ఈ సంగతి చెప్పలేదు, చెబితే ఆగదు.

నాకు అన్నిటికంటే నచ్చింది 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఇంకో నిబంధన. 10 లక్షలు దాటిన చేతి వాచీ, బ్యాగు, కళ్లజోడు, బూట్లు, చివరికి పందెపు గుర్రం కొన్నా, అమ్మినవాడు 1 శాతం వసూలు చేసి కొన్నవాళ్ల పాన్ నంబర్ మీద ప్రభుత్వానికి కట్టాలి. ఇది అదనపు పన్ను కాదు, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు. మరెందుకంటే, ఎవరు కొంటున్నారో తెలియడానికి. బ్యాగు కొన్నదే నలుగురికీ ధర తెలియాలని కదా, ఐదోవాడిగా ఇన్‌కం ట్యాక్స్ వాళ్లూ తెలుసుకుంటామంటున్నారు. ఆ లోగో చెప్పే మాట వాళ్లొక్కళ్లకే వినపడకూడదంటే ఎలా?

పిన్నీసు సంగతి అక్కడితో అయిపోలేదు. పిల్ల ఆ ఆదివారం కూర్చుని యూట్యూబ్ చూసి అమ్మమ్మ ఇచ్చిన పిన్నీసుకి ఎర్ర దారం, పచ్చ దారం అల్లింది. ఒకవైపు వదులైంది, అమ్మ విప్పి మళ్లీ బిగించింది. సోమవారం బ్యాగుకి పెట్టుకుని కాలేజీకి వెళ్లింది, సాయంత్రం వచ్చి చెబుతోంది, క్లాసులో ఒకమ్మాయి చూసి ఎంత పడ్డదని అడిగిందట.

“ఏం చెప్పినవే?”

“ఏం చెప్పలే. నవ్వి ఊకున్న.”

అమ్మ చెయ్యి చాపింది. “సరే, నా పిన్నీసు నాకియ్యి. రైకకి హుక్కు ఊడింది.”